థ్రెడ్‌ను కోరినంతసేపు ఆపడం ఎలా: గడియారం ఎంపిక నుంచి ఆలస్యం కొలిచేదాకా

థ్రెడ్‌ను కాసేపు ఆపాలంటే స్లీప్ అని రాసి ఒక అంకె ఇస్తే సరిపోతుందనిపిస్తుంది. అదే లైను లూపులో పడ్డాక అసలు సంగతి బయటపడుతుంది. గంట తిరిగేసరికి చుట్ల లెక్క తప్పుతుంది, సిగ్నల్ వస్తే థ్రెడ్ ముందే లేచిపోతుంది, లేవాల్సిన క్షణాన్ని గోడ గడియారం మీద లెక్కగట్టి ఉంటే, సిస్టమ్ టైమును ఎవరైనా వెనక్కి జరిపినప్పుడు గంటలకొద్దీ లేవదు.

వీటన్నిటికీ విరుగుడు ఒకటే. "ఎంతసేపు ఆగాలి" అన్న ప్రశ్నను "ఏ క్షణం దాకా ఆగాలి" అని మార్చుకోవాలి. ఆ క్షణాన్ని వెనక్కి తిరగని గడియారం మీద లెక్కగట్టాలి. కింది మెట్లన్నీ ఈ పద్ధతినే వివరిస్తాయి. ప్రధానంగా లినక్స్ మీద పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణం) కాల్స్‌ను తీసుకున్నాం. విండోస్, మ్యాక్, జావా, పైథాన్, గో, సీ++ తేడాలు 8వ భాగంలో ఉన్నాయి.

## 1. కోడ్ మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సినవి

ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు ముందే రాసిపెట్టుకోండి. ఏ కాల్ వాడాలో, ఏ గడియారం వాడాలో వీటిని బట్టే తేలుతుంది.

- ఆగేది ఒక్కసారా, పదేపదేనా? రీట్రైకి ముందు 200 మిల్లీసెకన్లు ఆగడం లాంటి పనిలో చిన్న తేడా లెక్కలోకి రాదు. పదేపదే ఆగేచోట ఆ చిన్న తేడాలే పోగుపడతాయి.
- మధ్యలో లేపాల్సి వస్తుందా? ప్రోగ్రామ్ మూసేటప్పుడు 30 సెకన్ల నిద్ర పూర్తయ్యేదాకా అందరూ కాచుకుని ఉండాలా?
- మెషీన్ సస్పెండ్‌లోకి వెళ్లి లేస్తే, ఆ మధ్యకాలం కూడా లెక్కలోకి రావాలా?
- ఎంత ఆలస్యాన్ని భరించగలరు? 10 మిల్లీసెకన్లా, 1 మిల్లీసెకనా, 50 మైక్రోసెకన్లా?

పోసిక్స్ కాల్స్ ఇచ్చే హామీ ఒక్కటే: సిగ్నల్ అడ్డుపడితే తప్ప అడిగినదానికంటే ముందు లేపవు. ఎంత ఆలస్యంగా లేపుతాయన్నదానికి ఏ హామీ లేదు. టైమర్ మోగగానే థ్రెడ్ రన్ క్యూలో చేరుతుంది. అక్కడ తన వంతు వచ్చాకే నడుస్తుంది.

ఇంకో సంగతి. నిద్రపోయే థ్రెడ్ తనంతట తానే నిద్రపోవాలి. బయటినుంచి ఇంకో థ్రెడ్‌ను బలవంతంగా ఆపే కాల్స్ జోలికి వెళ్లకండి. ఆ క్షణంలో ఆ థ్రెడ్ మెమరీ అలొకేటర్ లాక్ పట్టుకుని ఉందనుకోండి, మిగతా థ్రెడ్లన్నీ మెమరీ అడిగినచోటే ఇరుక్కుంటాయి. విండోస్‌లోని సస్పెండ్‌థ్రెడ్ డీబగ్గర్ల కోసం ఉద్దేశించినది. జావాలోని థ్రెడ్ సస్పెండ్ మెథడ్ జావా 20లో ఎక్సెప్షన్ విసరడం తప్ప ఇంకేమీ చేయకుండా మారింది, జావా 23లో దాన్ని తీసేశారు. ఒక థ్రెడ్ ఆగాలని ఇంకో థ్రెడ్ కోరుకుంటే, ఫ్లాగ్ పెట్టి అడగాలి. ఆగాల్సిన థ్రెడ్ సురక్షితమైన చోటికి వచ్చాక ఆ ఫ్లాగ్ చూసుకుని ఆగాలి.

## 2. గడియారం ఎంచుకోండి

క్లాక్_మోనోటోనిక్. ఎప్పుడూ ముందుకే నడుస్తుంది. సిస్టమ్ టైము మార్చినా దూకదు. ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా గడియారాన్ని సరిచేసే పద్ధతి) దాని వేగాన్ని కొద్దికొద్దిగా సర్దుతుందే గానీ గెంతించదు. లినక్స్‌లో మెషీన్ సస్పెండ్‌లో ఉన్నంతసేపు ఇది కదలదు. టైమవుట్లకు, రీట్రైలకు, ఆవర్తన లూపులకు ఇదే వాడండి. సందేహం వచ్చినా దీన్నే ఎంచుకోండి.

క్లాక్_బూట్‌టైమ్. మోనోటోనిక్ లాంటిదే, కాకపోతే సస్పెండ్ కాలాన్ని కూడా కలుపుకుంటుంది. లాగిన్ సెషన్ 15 నిమిషాల తర్వాత ముగియాలి, మధ్యలో లాప్‌టాప్ మూత మూసినా ఆ సమయం లెక్కించాలి అనుకున్నప్పుడు ఇది సరిపోతుంది. అయితే దీని మీద నిద్రపోయినంత మాత్రాన మెషీన్ సస్పెండ్ నుంచి లేవదు. మెషీన్ లేచినప్పుడు గడువు దాటి ఉంటే థ్రెడ్ వెంటనే లేస్తుంది.

క్లాక్_రియల్‌టైమ్. క్యాలెండర్ సమయం, 1970 జనవరి 1 నుంచి సెకన్ల లెక్క. అడ్మిన్ మార్చవచ్చు, ఎన్‌టీపీ గెంతించవచ్చు. "ఉదయం 6 గంటలకు" లాంటి అవసరానికి తప్ప దీన్ని ముట్టుకోవద్దు.

సమయం చదవడానికి పనికొచ్చే ప్రతి గడియారం మీదా నిద్రపోవడం కుదరదు. క్లాక్_మోనోటోనిక్_రా, పేరు చివర కోర్స్ అని ఉండే గడియారాలు చదవడానికి మాత్రమే, వాటి మీద నిద్ర అడిగితే ఎర్రర్ వస్తుంది. థ్రెడ్ తన సొంత సీపీయూ టైము గడియారం మీద నిద్రపోతానన్నా ఈఇన్వాల్ (ఇచ్చిన విలువ చెల్లదనే ఎర్రర్) వస్తుంది. నిద్రపోతున్న థ్రెడ్ సీపీయూ వాడదు కాబట్టి ఆ గడియారం ముల్లు కదలదు, ఇక లేచే మాటే ఉండదు.

ఎంచుకున్నాక క్లాక్_గెట్‌రెస్ ఒకసారి పిలిచి చూడండి. 1 నానోసెకను అని వస్తే కెర్నల్‌లో హై రిజల్యూషన్ టైమర్లు పనిచేస్తున్నట్టు. 40,00,000 నానోసెకన్లు, అంటే 4 మిల్లీసెకన్లు వస్తే కెర్నల్ 250 హెర్ట్జ్ టిక్ (సెకనుకు 250 సార్లు మోగే టైమర్) మీదే నడుస్తోందని అర్థం. అలాంటి మెషీన్‌లో 1 మిల్లీసెకను నిద్ర అడిగి ప్రయోజనం లేదు. 1 నానోసెకను అని వచ్చినంత మాత్రాన నానోసెకను కచ్చితత్వం వస్తుందనీ కాదు. అది లెక్క ప్రమాణం, అంతే.

## 3. గమ్య క్షణం లెక్కగట్టండి

కాల్‌కు సమయాన్ని అందించే టైమ్‌స్పెక్ స్ట్రక్చర్‌లో రెండు గదులుంటాయి: సెకన్లు, నానోసెకన్లు. నానోసెకన్ల గదిలో విలువ 0 నుంచి 99,99,99,999 లోపే ఉండాలి. దాటితే కాల్ ఈఇన్వాల్ ఇచ్చి, నిద్రపోకుండానే తిరిగొస్తుంది. రిటర్న్ విలువ చూడని కోడ్‌లో ఈ ఒక్క పొరపాటు లూపును ఆగకుండా పరిగెత్తిస్తుంది.

మెట్లు ఇవి:

1. ఎంచుకున్న గడియారాన్ని క్లాక్_గెట్‌టైమ్‌తో చదవండి.
2. ఆగాల్సిన సమయాన్ని పూర్తి సెకన్లుగా, మిగిలిన నానోసెకన్లుగా విడదీయండి.
3. సెకన్లకు సెకన్లు, నానోసెకన్లకు నానోసెకన్లు కలపండి.
4. నానోసెకన్లు 100 కోట్లు లేదా అంతకు మించితే 100 కోట్లు తీసేసి సెకన్లకు 1 కలపండి.

ఉదాహరణకు గడియారం 12 సెకన్ల 90,00,00,000 నానోసెకన్లు చూపిస్తోంది, 250 మిల్లీసెకన్లు ఆగాలి. నానోసెకన్లు కలిపితే 115,00,00,000. హద్దు దాటింది. 100 కోట్లు తీసేస్తే 15,00,00,000 మిగులుతుంది, సెకన్లు 13 అవుతాయి. గమ్యం: 13 సెకన్ల 15,00,00,000 నానోసెకన్లు.

ఇక్కడే పొంచి ఉన్న ఇంకో లోపం గుణకారంలో ఉంటుంది. మిల్లీసెకన్లను 10 లక్షలతో గుణించి నానోసెకన్లు చేసేటప్పుడు 32 బిట్ పూర్ణాంకం వాడితే, దాని గరిష్ఠ విలువ 214,74,83,647 మాత్రమే. 2,000 మిల్లీసెకన్ల దాకా లెక్క బాగుంటుంది. 3,000 ఇచ్చేసరికి 300 కోట్లు కావాల్సింది పొంగిపోయి రుణాత్మక సంఖ్య అవుతుంది. టెస్టుల్లో చిన్న విలువలే వాడితే ఇది దొరకదు. అన్నిచోట్లా 64 బిట్ వాడండి. 64 బిట్‌లో నానోసెకన్లు సుమారు 292 ఏళ్లకు సరిపోతాయి.

## 4. నిద్ర కాల్, అది తిరిగిచ్చే విలువ

వాడాల్సిన కాల్ క్లాక్_నానోస్లీప్. నాలుగు ఆర్గ్యుమెంట్లు ఇవ్వాలి: గడియారం, ఫ్లాగ్, గమ్య క్షణం, మిగిలిన సమయం రాసుకునే చోటు. ఫ్లాగ్‌గా టైమర్_యాబ్స్‌టైమ్ ఇవ్వండి. అప్పుడు మూడో ఆర్గ్యుమెంటును కెర్నల్ వ్యవధిగా కాక క్షణంగా చూస్తుంది. నాలుగోది నల్ ఇవ్వవచ్చు, ఈ పద్ధతిలో దానితో పనిలేదు.

తిరిగొచ్చే విలువను ఇలా చూడాలి:

- 0 వస్తే గమ్యం చేరింది.
- ఈఇంటర్ వస్తే సిగ్నల్ హ్యాండ్లర్ అడ్డుపడింది. అదే గమ్యంతో మళ్లీ పిలవండి. ఏ లెక్కా మార్చనక్కర్లేదు.
- ఇంకేదైనా వస్తే కోడ్‌లో తప్పుంది. లాగ్ చేసి ఆపేయండి, మళ్లీ ప్రయత్నించకండి.

ఒక తిరకాసు ఉంది. నానోస్లీప్ విఫలమైతే -1 ఇచ్చి కారణాన్ని ఎర్ర్‌నోలో (ఎర్రర్ సంఖ్య ఉండే వేరియబుల్) పెడుతుంది. క్లాక్_నానోస్లీప్ ఎర్ర్‌నోను ముట్టుకోదు, ఎర్రర్ సంఖ్యను నేరుగా రిటర్న్ చేస్తుంది. పాత కోడ్‌లో నానోస్లీప్ తీసి ఇది పెట్టినప్పుడు -1 కోసం చూసే షరతు అలాగే ఉండిపోతే, ఏ ఎర్రరూ పట్టుబడదు.

సిగ్నల్ హ్యాండ్లర్ పెట్టేటప్పుడు ఎస్ఏ_రీస్టార్ట్ ఇచ్చాం కదా, నిద్ర దానంతట అదే కొనసాగుతుందని చాలామంది అనుకుంటారు. కొనసాగదు. ఈ రెండు కాల్స్ ఆ ఫ్లాగ్‌తో సంబంధం లేకుండా ఈఇంటర్ ఇస్తాయి.

వ్యవధి పద్ధతిలో, అంటే ఫ్లాగ్ 0గా ఇచ్చి, మిగిలిన సమయంతో మళ్లీ మళ్లీ పిలవడమూ కుదురుతుంది. కానీ ప్రతిసారీ మిగిలిన సమయం పైకి సవరించబడుతుంది, కాల్‌కూ కాల్‌కూ మధ్య గడిచిన కాలం లెక్కలోకి రాదు. సిగ్నళ్లు తరచుగా వచ్చే ప్రోగ్రామ్‌లో, ప్రొఫైలర్ తగిలించినప్పుడు మరీను, నిద్ర సాగుతూ పోతుంది. గమ్య క్షణం పద్ధతిలో ఈ బాధ ఉండదు. గమ్యం అప్పటికే దాటిపోయి ఉంటే కాల్ వెంటనే తిరిగొస్తుంది.

## 5. పదేపదే ఆగే లూపు

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, అందుకే అంకెలతో చూద్దాం.

ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒకసారి పని జరగాలి. పనికి 2 మిల్లీసెకన్లు పడుతుంది, నిద్ర లేవడంలో 0.06 మిల్లీసెకన్ల ఆలస్యం ఉంటుంది. గంటకు 3,60,000 చుట్లు తిరగాలి.

పని చేసి 10 మిల్లీసెకన్లు నిద్రపోయే లూపులో ఒక్కో చుట్టుకు 12.06 మిల్లీసెకన్లు పడుతుంది. గంటకు 2,98,507 చుట్లే వస్తాయి.

పనికి పట్టిన సమయాన్ని కొలిచి, 10లోంచి తీసేసి, మిగిలింది నిద్రపోతే ఒక్కో చుట్టు 10.06 మిల్లీసెకన్లకు దిగుతుంది. బాగుపడినట్టే కనిపిస్తుంది గానీ గంటకు ఇంకా రెండు వేల చిల్లర చుట్లు పోతూనే ఉంటాయి. లేవడంలోని ఆలస్యం తర్వాతి చుట్టు మీద పడుతుంది, ఆ చుట్టు ఆలస్యం దాని తర్వాతి దాని మీద పడుతుంది.

సరైన లూపు ఇలా ఉంటుంది:

1. లూపుకు ముందు ఒక్కసారి గడియారం చదివి దాన్ని "తర్వాతి క్షణం"గా పెట్టుకోండి.
2. లూపు లోపల తర్వాతి క్షణానికి 10 మిల్లీసెకన్లు కలపండి, టైమ్‌స్పెక్ హద్దు సరిచేయండి.
3. ఆ క్షణం దాకా నిద్రపొండి, ఈఇంటర్ వస్తే అదే క్షణంతో మళ్లీ.
4. లేచాక పని చేయండి.
5. రెండో మెట్టుకు వెళ్లండి.

ఇందులో కీలకం ఏమిటంటే, లూపు లోపల గడియారం చదివి దానికి కలపకూడదు. పాత గమ్యానికే కలపాలి. అప్పుడు ఒక చుట్టులో 0.06 ఆలస్యమైనా తర్వాతి గమ్యం తన చోటనే ఉంటుంది, ఆలస్యం పోగుపడదు.

పని గడువు దాటితే? ఏదో ఒక చుట్టులో పనికి 35 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి. మూడు గమ్యాలు దాటిపోయాయి. పైన రాసిన లూపు వాటిని పూడ్చడానికి మధ్యలో నిద్ర లేకుండా వరసగా పరిగెత్తుతుంది. కొన్ని పనులకు అది కావాలి: ప్రతి చుట్టూ లెక్కలోకి రావాల్సిన సిమ్యులేషన్ లాంటివి. సెన్సర్ చదవడం, స్క్రీన్ తాజా చేయడం లాంటివాటికి అక్కర్లేదు. అక్కడ గడియారం చదివి, తర్వాతి క్షణం ఇప్పటిని దాటేదాకా 10 కలుపుతూ పోండి, ఎన్ని చుట్లు దాటేశారో ఒక కౌంటర్‌లో లెక్క పెట్టండి. ఆ కౌంటర్ పెరుగుతూ ఉంటే వ్యవధి తక్కువైనట్టు, లేదా పని బరువైనట్టు. రెండింటిలో ఏది కావాలో లూపు రాసేటప్పుడే నిర్ణయించి కామెంట్‌లో రాయండి.

## 6. మధ్యలో లేపగలిగే నిద్ర

ఐదారు సెకన్లకు మించిన నిద్ర ఏదైనా మధ్యలో లేపగలిగేలా ఉండాలన్నది మా గట్టి సలహా. లేకపోతే ప్రోగ్రామ్ ఆపడానికి అంతసేపు పడుతుంది, సర్వీస్ మేనేజర్ ఓపిక నశించి చంపేస్తుంది. నిద్రను 100 మిల్లీసెకన్ల ముక్కలు చేసి మధ్యమధ్య ఫ్లాగ్ చూడటం నాటు పద్ధతి: అనవసరంగా సెకనుకు 10 సార్లు సీపీయూను లేపుతుంది. కండిషన్ వేరియబుల్ (ఇంకో థ్రెడ్ లేపేదాకా లేదా గడువు దాకా ఆగే సాధనం) వాడండి.

1. కండిషన్ యాట్రిబ్యూట్ సిద్ధం చేసి, పీథ్రెడ్_కండ్‌యాటర్_సెట్‌క్లాక్‌తో క్లాక్_మోనోటోనిక్ పెట్టండి. ఇది చేయకపోతే డిఫాల్ట్ గడియారం రియల్‌టైమ్.
2. ఆ యాట్రిబ్యూట్‌తోనే కండిషన్ వేరియబుల్ ఇనిషియలైజ్ చేయండి.
3. గమ్య క్షణాన్ని మోనోటోనిక్ మీద ఒక్కసారే లెక్కగట్టండి. వెయిట్ లూపు బయట.
4. మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్క థ్రెడ్డే పట్టుకోగల లాక్) పట్టుకోండి.
5. ఆపు ఫ్లాగ్ లేనంతకాలం పీథ్రెడ్_కండ్_టైమ్డ్‌వెయిట్ పిలవండి. ఈటైమ్డ్‌అవుట్ వస్తే లూపు వదిలేయండి. 0 వస్తే ఫ్లాగ్‌ను మళ్లీ చూడండి. వేరే ఎర్రర్ వస్తే లాగ్ చేసి బయటపడండి.
6. మ్యూటెక్స్ వదిలేముందే ఆపు ఫ్లాగ్ విలువను కాపీ చేసుకోండి.

ఆపాలనుకున్న థ్రెడ్ అదే మ్యూటెక్స్ పట్టుకుని, ఫ్లాగ్ పెట్టి, కండిషన్ వేరియబుల్‌కు సిగ్నల్ ఇచ్చి, వదిలేయాలి. మ్యూటెక్స్ లేకుండా ఫ్లాగ్ మారిస్తే, నిద్రపోబోయే థ్రెడ్ ఫ్లాగ్ చూడటానికీ నిద్రలోకి జారడానికీ మధ్య సిగ్నల్ వచ్చి వృథా అవుతుంది.

0 వచ్చినంత మాత్రాన ఎవరో లేపారని కాదు. ఏ కారణమూ లేకుండా లేవడాన్ని పోసిక్స్ అనుమతిస్తుంది, అందుకే లూపు తప్పనిసరి. గమ్యాన్ని లూపు లోపల లెక్కగడితే అలా లేచిన ప్రతిసారీ నిద్ర మొదటినుంచి మొదలవుతుంది.

## 7. గోడ గడియారం ప్రకారం లేవాలంటే

"రోజూ ఉదయం 6కు" అనగానే 86,400 సెకన్లు నిద్రపోకండి. పగటి వెలుతురు కోసం గడియారం మార్చే ప్రాంతాల్లో ఏడాదికి ఒక రోజు 23 గంటలు, ఇంకో రోజు 25 గంటలు ఉంటుంది.

- తర్వాతి 6 గంటలను స్థానిక తేదీతో తయారుచేసి ఎంకేటైమ్‌కు (స్థానిక తేదీని సెకన్ల లెక్కకు మార్చే ఫంక్షన్) ఇవ్వండి. టీఎం_ఈజ్‌డీఎస్‌టీ గదిలో -1 పెట్టండి, మిగతాది అది చూసుకుంటుంది.
- క్లాక్_రియల్‌టైమ్ మీద టైమర్_యాబ్స్‌టైమ్‌తో నిద్రపొండి. ఈ పద్ధతిలో గడియారం మార్చితే కెర్నల్ కొత్త సమయం ప్రకారమే లేపుతుంది.
- లేచాక సమయం నిజంగా దాటిందా, ఈ తేదీ పని ఇప్పటికే అయిపోయిందా అని చూడండి. గడియారాన్ని వెనక్కి జరిపితే అదే 6 గంటలు రెండోసారి వస్తుంది.

గడియారం దూకిన వెంటనే తెలియాలంటే టైమర్ఎఫ్‌డీ (ఫైలులా చదవగల టైమర్) వాడి, టీఎఫ్‌డీ_టైమర్_క్యాన్సిల్_ఆన్_సెట్ ఫ్లాగ్ ఇవ్వండి. గడియారం దూకితే రీడ్ ఈక్యాన్సిల్డ్ ఇస్తుంది, అప్పుడు గమ్యాన్ని తిరిగి లెక్కగట్టుకోవచ్చు.

## 8. విండోస్, మ్యాక్, ఇతర భాషలు

విండోస్. స్లీప్ కాల్ సిస్టమ్ టిక్ మీద ఆధారపడుతుంది. సాధారణంగా టిక్ 15.625 మిల్లీసెకన్లు, అందుకే 1 అడిగితే 15 దాకా పోవచ్చు. టిక్ మధ్యలో పిలిస్తే అడిగినదానికంటే కాస్త ముందే లేవడమూ ఉంటుంది. టైమ్‌బిగిన్‌పీరియడ్‌కు 1 ఇస్తే టిక్ చిన్నదవుతుంది, పని అయ్యాక టైమ్‌ఎండ్‌పీరియడ్ పిలవడం మరవకండి. విండోస్ 10 వెర్షన్ 1803 నుంచి మెరుగైన దారి ఉంది: క్రియేట్‌వెయిటబుల్‌టైమర్‌ఈఎక్స్‌కు హై రిజల్యూషన్ ఫ్లాగ్ ఇవ్వడం. సెట్‌వెయిటబుల్‌టైమర్‌లో సమయం 100 నానోసెకన్ల లెక్కన ఉంటుంది. రుణ సంఖ్య అయితే వ్యవధి, ధన సంఖ్య అయితే 1601 నుంచి లెక్కించిన క్షణం. 10 మిల్లీసెకన్లకు -1,00,000 ఇవ్వాలి. మైనస్ మరిచిపోతే గమ్యం 1601లో పడి టైమర్ వెంటనే మోగుతుంది.

మ్యాక్. క్లాక్_నానోస్లీప్ లేదు. మాక్_యాబ్సల్యూట్_టైమ్ చదివి మాక్_వెయిట్_అంటిల్ పిలవండి. విలువలు నానోసెకన్లు అనుకోకండి, మాక్_టైమ్‌బేస్_ఇన్ఫో ఇచ్చే నిష్పత్తితో మార్చుకోవాలి. యాపిల్ సిలికాన్ మీద ఆ నిష్పత్తి 125/3. ఇంటెల్ మ్యాక్ మీద 1/1 కావడంతో, అక్కడ మార్చకుండా రాసినా పనిచేసిన కోడ్ కొత్త మెషీన్ మీద నలభై రెట్లు ఎక్కువ నిద్రపోతుంది.

సీ++. స్లీప్_అంటిల్‌ను స్టెడీ_క్లాక్‌తో వాడండి. హై_రిజల్యూషన్_క్లాక్ వద్దు, కొన్ని లైబ్రరీల్లో అది సిస్టమ్_క్లాక్‌కే మారుపేరు. కండిషన్_వేరియబుల్‌కు స్టెడీ_క్లాక్ గమ్యం ఇచ్చినా, జీసీసీ 10కి ముందు లైబ్రరీ దాన్ని లోపల సిస్టమ్ గడియారంలోకే మార్చేది.

జావా. గమ్యానికి సిస్టమ్.నానోటైమ్ వాడండి. రెండు విలువలను నేరుగా పోల్చకుండా తేడా తీసి సున్నాతో పోల్చండి. థ్రెడ్.స్లీప్ పట్టుకున్న మానిటర్‌ను (సింక్రనైజ్డ్ లాక్) వదలదు, కాబట్టి సింక్రనైజ్డ్ బ్లాకులో పెట్టకండి. ఇంటరప్టెడ్‌ఎక్సెప్షన్ పట్టుకుని మింగేయకండి: పైకి విసరండి, లేదా ఇంటరప్ట్ ఫ్లాగ్‌ను తిరిగి పెట్టండి.

పైథాన్. 3.5 నుంచి టైమ్.స్లీప్ సిగ్నల్ వచ్చినా, హ్యాండ్లర్ ఎక్సెప్షన్ విసరనంతవరకు, మిగిలిన నిద్ర పూర్తిచేస్తుంది. గమ్యాన్ని టైమ్.మోనోటోనిక్‌తో లెక్కగట్టండి. మధ్యలో లేపడానికి థ్రెడింగ్.ఈవెంట్ వెయిట్ ఉంది. అసింక్ ఫంక్షన్‌లో మాత్రం అసింక్‌ఐఓ.స్లీప్ తప్ప వేరేది వాడకూడదు. టైమ్.స్లీప్ పెడితే ఈవెంట్ లూపు మొత్తం ఆగిపోతుంది.

గో. 1.9 నుంచి టైమ్.నౌ విలువలోనే మోనోటోనిక్ రీడింగ్ కలిసి ఉంటుంది, తేడాలు దానితోనే వస్తాయి. రౌండ్(0) పిలిస్తే అది రాలిపోతుంది. లేపగలిగే నిద్రకు సెలెక్ట్‌లో టైమర్ చానల్‌నూ కాంటెక్స్ట్ డన్ చానల్‌నూ పక్కపక్కన పెట్టండి.

## 9. ఆలస్యాన్ని కొలవడం, తగ్గించడం

ముందు కొలవండి. నిద్ర లేచిన వెంటనే గడియారం చదివి, అందులోంచి గమ్యాన్ని తీసేయండి. వచ్చిందే ఆలస్యం. కనీసం 10,000 చుట్లు తిప్పి మధ్యస్థం, 99వ శాతం (నూటికి 99 కొలతలు దీని లోపే ఉంటాయి), గరిష్ఠం చూడండి. సగటు చూసి మురిసిపోతే గరిష్ఠంలో దాగిన 20 మిల్లీసెకన్ల గెంతు కనిపించదు. మెషీన్ ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, పూర్తి లోడ్‌లో ఒకసారి కొలవండి. సైక్లిక్‌టెస్ట్ అనే సాధనం ఈ పనే చేస్తుంది.

తగ్గించేటప్పుడు ఈ వరస పాటించండి. పైవి చౌక, కిందకు వెళ్లేకొద్దీ ఖర్చు, ప్రమాదం పెరుగుతాయి.

1. టైమర్ స్లాక్. విద్యుత్ ఆదా కోసం లినక్స్ మామూలు థ్రెడ్ల నిద్రను డిఫాల్టుగా 50 మైక్రోసెకన్ల దాకా సాగదీయగలదు. మధ్యస్థ ఆలస్యం సరిగ్గా 50 పైన ఆగితే ఇదే కారణం. ఆ థ్రెడ్ లోపల పీఆర్‌సీటీఎల్‌తో స్లాక్‌ను 1 నానోసెకనుకు మార్చండి. 0 ఇవ్వకండి, 0 అంటే డిఫాల్ట్‌కు తిరిగి వెళ్లమని.
2. కంటైనర్ సీపీయూ కోటా. కోటా అయిపోతే టైమర్ మోగినా థ్రెడ్ తర్వాతి పీరియడ్ దాకా నడవదు. డిఫాల్ట్ పీరియడ్ 100 మిల్లీసెకన్లు కాబట్టి పదుల మిల్లీసెకన్ల గెంతులు కనిపిస్తాయి. కంటైనర్ పరిమితులు పెట్టే సీగ్రూప్‌లోని సీపీయూ.స్టాట్ ఫైలులో ఎన్ఆర్_థ్రాటిల్డ్ పెరుగుతోందేమో చూడండి.
3. సీపీయూ గాఢ నిద్ర. ఖాళీగా ఉన్న కోర్ లోతైన పొదుపు స్థితిలోకి వెళ్తే లేవడానికి అదనపు సమయం పడుతుంది. ఖాళీ మెషీన్‌లోనే ఆలస్యం ఎక్కువగా ఉంటే దీన్ని అనుమానించండి. సీపీయూ_డీఎంఏ_లేటెన్సీ డివైస్ ఫైలు తెరిచి 0 రాసి, తెరిచే ఉంచాలి. మూస్తే ఆ కోరిక రద్దవుతుంది.
4. రియల్‌టైమ్ ప్రాధాన్యం. షెడ్_ఫిఫో పెట్టండి, మెమరీ పేజీలు బయటికి పోకుండా ఎంలాక్‌ఆల్ పిలవండి. ఈ థ్రెడ్లకు టైమర్ స్లాక్ వర్తించదు. పని చిన్నదిగా ఉండాలి. ఆగని లూపు ఈ ప్రాధాన్యంతో తిరిగితే మిగతా సిస్టమ్‌ను తొక్కేస్తుంది.
5. చివరి కొద్దిసేపు తిరగడం. గమ్యానికి 200 మైక్రోసెకన్ల ముందుదాకా నిద్రపోయి, మిగిలినంతసేపు గడియారం చదువుతూ తిరగండి. ఎంత ముందు లేవాలన్నది మీరు కొలిచిన 99వ శాతం ఆలస్యాన్ని బట్టి పెట్టుకోండి. ఆ కాసేపు కోర్ పూర్తిగా ఖర్చవుతుంది, బ్యాటరీ మీద నడిచే పరికరాల్లో ఇది వద్దు.

## 10. లక్షణం చూసి తప్పు పట్టుకోవడం

సీపీయూ 100 శాతం, నిద్ర లేనేలేదు. మోనోటోనిక్ మీద లెక్కగట్టిన గమ్యాన్ని రియల్‌టైమ్ కాల్‌కు ఇచ్చారు. మోనోటోనిక్ విలువ మామూలుగా మెషీన్ బూట్ అయినప్పటి నుంచి లెక్క, చిన్న సంఖ్య. రియల్‌టైమ్‌కు అది 1970 నాటి క్షణంలా కనిపిస్తుంది. లేదంటే నానోసెకన్ల గది హద్దు దాటి ఈఇన్వాల్ వస్తోంది.

థ్రెడ్ ఎప్పటికీ లేవదు. పైదానికి తలకిందులు: రియల్‌టైమ్ గమ్యాన్ని మోనోటోనిక్‌కు ఇచ్చారు. లేదా ఫ్లాగ్ 0గా ఉండిపోయి, గమ్య క్షణాన్ని కెర్నల్ వ్యవధిగా తీసుకుంది. రెండింట్లోనూ దశాబ్దాల నిద్ర.

నిద్ర అప్పుడప్పుడు తగ్గుతుంది. ఈఇంటర్ చూడలేదు.

స్ట్రేస్‌లో (కెర్నల్ కాల్స్ చూపే సాధనం) క్లాక్_రియల్‌టైమ్ కనిపిస్తోంది. మామూలు స్లీప్ పిలిచినా ఇప్పటి జీలిబ్‌సీలో (లినక్స్‌లోని సీ లైబ్రరీ) ఇలా కనిపించవచ్చు. పక్కన ఫ్లాగ్ 0 ఉంటే కంగారు లేదు. వ్యవధి నిద్రను లినక్స్ మోనోటోనిక్ మీదే లెక్కిస్తుంది, గడియారం మార్చినా దానికి ఏమీ కాదు.

నిద్ర ఉన్నచోట మిగతా థ్రెడ్లు కూడా ఆగుతున్నాయి. లాక్ పట్టుకుని నిద్రపోతున్నారు. లాక్ వదిలి నిద్రపొండి, లేచాక మళ్లీ పట్టుకుని స్థితిని మొదటినుంచి చూసుకోండి. కండిషన్ వెయిట్ మ్యూటెక్స్‌ను తానే వదులుతుంది, దానికి ఈ ఇబ్బంది లేదు.

నిద్ర పెంచితే బగ్ పోతోంది. నిద్రను సమన్వయానికి వాడుతున్నారు. ఇంకో థ్రెడ్ పని పూర్తికావాలని ఆశిస్తూ 500 మిల్లీసెకన్లు ఆగడం లోడ్ పెరిగిన రోజు విరుగుతుంది. ఆ పని పూర్తయిందని చెప్పే కండిషన్, సెమఫోర్ లేదా జాయిన్ వాడండి.

## 11. కోడ్ మెర్జ్ చేసే ముందు చెక్‌లిస్ట్

- గమ్యం చదివిన గడియారం, నిద్రకు ఇచ్చిన గడియారం ఒకటేనా?
- టైమర్_యాబ్స్‌టైమ్ ఇచ్చారా?
- గుణకారాలన్నీ 64 బిట్‌లోనా? 5,000 మిల్లీసెకన్లతో టెస్ట్ చేశారా?
- రిటర్న్ విలువను -1తో కాక ఎర్రర్ సంఖ్యతో పోలుస్తున్నారా?
- లూపులో పాత గమ్యానికే వ్యవధి కలుపుతున్నారా?
- గడువు దాటిన చుట్లను పూడుస్తారా, దాటేస్తారా? కామెంట్ ఉందా?
- పొడుగు నిద్రను మధ్యలో లేపే దారి ఉందా?
- నిద్రపోతున్నప్పుడు చేతిలో ఏ లాకూ లేదని చూశారా?
- టెస్టు నడుస్తుండగా సిస్టమ్ టైమును గంట వెనక్కి, గంట ముందుకు జరిపి చూశారా? వర్చువల్ మెషీన్‌లో చేయండి, పనిచేసే సర్వర్ మీద వద్దు.
- యూనిట్ టెస్టుల్లో గడియారాన్ని బయటినుంచి ఇవ్వగలుగుతున్నారా? అలా ఇస్తే 30 సెకన్ల నిద్రను నిజంగా 30 సెకన్లు ఆగకుండానే పరీక్షించవచ్చు.